ఇంటికి పది వాట్లు

హలో... వినబడుతోందా అండీ? వినబడుతుంటే సరే. నేనేనండీ, కాకినాడ నుంచి మోటార్ వైండింగ్ అబ్బులుని. మీలో సగం మందికి నా గొంతు తెలుసు, మిగతా సగం మందికి నేను పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ బొమ్మలు తెలుసు. పదో క్లాసు రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల దగ్గరే ఆగిపోయినవాణ్ణి, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. కరెంటు విషయంలో మాత్రం తప్పు చెప్పను. ముప్పై ఏళ్లుగా దాంతోనే అన్నం తింటున్నాను. ఈరోజు చెప్పేది కాస్త పెద్దది, టీ ఉంటే దగ్గర పెట్టుకోండి. చివరిదాకా వినాలి, ఎందుకంటే చివర్లో మీతో నాకు ఒక పని ఉంది.

మొదట స్పీకర్ల సంగతి. రామారావుపేటలో ఒక డాక్టరు గారింటికి నీళ్ల మోటారు బాగుచేయడానికి వెళ్లాను. వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. హాల్లో ఒక మూల నడుమెత్తు చెక్క డబ్బాలు రెండు ఉన్నాయి. పైన బాకా మూతి, కింద పదిహేను అంగుళాల కాగితపు చక్రం. పాతసామాను వాడికి ఇచ్చేద్దామనుకుంటున్నారు. ఆ డబ్బాల వెనక ఉన్న రేకుని రెండుసార్లు చదివాను. ఒక్క వాట్ ఇస్తే వంద డెసిబెల్స్ పలుకుతాయట. అంటే ఏంటంటే, మామూలు ఇంటి స్పీకరు కడుపునిండా తింటేగాని నోరెత్తదు, ఇది ఒక మెతుకు పెడితే వీధి చివరిదాకా పాడుతుంది. మోటారు బాగుచేసి, కూలీ వద్దని చెప్పి, ఆ రెండూ ఆటోలో ఎక్కించుకొచ్చాను.

స్పీకర్లు వచ్చాయిగానీ వాటికి తగిన యాంప్లిఫయర్ కావాలి కదండీ. అన్నీ ఒకే పెట్టెలో ఉండే రకం. దాన్ని ఇంటిగ్రేటెడ్ అంటారు. షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు డబ్బాల ఫొటో చూసి, ఇంత పెద్దవాటికి రెండు వందల వాట్లదైనా ఉండాలన్నాడు. నేను ఒక్క పరీక్ష పెట్టాను. మా డబ్బా ఒకటి షాపుకే మోయించుకెళ్లాను. ఏ పాటా పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి, బాకాకి చెవి ఆనించాను. ఆ రెండు వందల వాట్ల పెట్టె పెనం మీద పెసరట్టు వేసినట్టు ఒకటే చుయ్ అంటోంది. మామూలు స్పీకర్లలో ఆ చప్పుడు వినిపించదు. మనవి ప్రతి చిన్నదీ పట్టేస్తాయి. కాబట్టి ఇలాంటి స్పీకర్లకి బలం చూసి కాదు, యాంప్లిఫయర్ ఊరుకున్నప్పుడు ఎంత ఊరుకుంటుందో చూసి కొనుక్కోవాలి. ఇది రాసిపెట్టుకోండి. చివరికి చిన్న వాల్వుల యాంప్లిఫయర్, అదే పాత రేడియోల్లోలా గాజు బుడ్లు వెలిగే రకం, ఒకటి దొరికింది. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు వాట్లు. సున్నాలో చెవి పెడితే గోడకి పెట్టినట్టే ఉంది. అదే తెచ్చాను.

ఇంటికొచ్చి పెట్టాక మా ఇంటావిడ నూకరత్నం వంటింట్లోంచి గరిటెతో సహా బయటికి వచ్చింది. ఎవరో ఇంటికొచ్చి పాడుతున్నారనుకుందట.

ఇప్పుడు మా కాలనీ సంగతి. సుగుణ ఎన్‌క్లేవ్, నలభై రెండు ఇళ్లు. సంఘానికి అధ్యక్షుడు విశ్వపతి గారు. ఏదో పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలిందిగానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. కార్యదర్శి శరభయ్య గారు ఆయన చెప్పింది రాసుకుంటారు, రాసింది అంటిస్తారు. ఇద్దరూ మంచివాళ్లే. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వచ్చేది వాళ్లే. కాకపోతే చేతిలో కాగితం ఉంటే మనిషి కనబడడు.

ఒక ఆదివారం ఎవరింట్లోనో పుట్టినరోజుకి అద్దె డీజే పెట్టారు. ఆ దెబ్బకి సంఘం అత్యవసర సమావేశం జరిగింది. శబ్దాన్ని అదుపు చెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు. దేంతో కొలవాలన్నది ప్రశ్న. ఫోన్‌లో శబ్దం కొలిచేది ఉంటుందండి, నేను చూపిస్తానన్నాను. విశ్వపతి గారు ఫోన్ తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, కాసేపు దానివైపే చూశారు. ఆయన దగ్గితే అంకె పెరిగింది, ఆగితే తగ్గింది.

"అబ్బులు గారూ, ఇది క్షణానికో రకంగా మారుతోంది. మారే అంకె మీద పరిపాలన నడవదు. మనకి మారని అంకె కావాలి" అన్నారు.

మారని అంకె ఎక్కడుంటుంది? పరికరం వెనక రేకు మీద ఉంటుందని ఆయనే తేల్చారు. అచ్చులో ఉంటుంది కాబట్టి అబద్ధమాడదట, పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటుందట. బండి మీటరు మీద నూట ఇరవై దాకా అంకెలున్నాయని మెయిన్ రోడ్డులో నూట ఇరవై మీద పోతున్నట్టా అండీ అని అడిగాను. బండి మన అజెండాలో లేదన్నారు. మర్నాటికల్లా లిఫ్టు పక్కన నోటీసు ఉంది.

"ఇందుమూలముగా యావన్మంది నివాసితులకు తెలియజేయడమేమనగా, ఏ గృహమందైనను ఏ పరికరము వెనుక భాగమున పది వాట్లకు మించి అచ్చువేయబడి ఉన్నచో, సదరు పరికరమును శబ్దకారకముగా పరిగణించి సీలు వేయబడును; సీలు వేసిన పిదప వాడరాదు."

తనిఖీకి శరభయ్య గారు స్వయంగా వచ్చారు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో కొవ్వొత్తి, జేబులో లక్క. మా ఇంట్లోకి వచ్చేసరికి డబ్బాలు పాడుతున్నాయి. కిటికీ ఊచలు సన్నగా వణుకుతున్నాయి. ఆయన గట్టిగా అరిచి నన్ను పక్కకి తప్పుకోమన్నారు. వాల్వుల పెట్టె వెనక్కి వంగి టార్చి వేసి, ఆరు అని చదివి, లేచి నాకు చెయ్యి కలిపారు. కాలనీ మొత్తంలో ఇంత తక్కువ శబ్దం గల ఇల్లు లేదని కాగితం మీద రాసిచ్చారు. నూకరత్నం ఉండబట్టలేక, కాస్త చెవిపెట్టి వినండి బాబాయి గారూ అంది.

"వినడం మా పరిధిలోకి రాదమ్మా. చూడడం వరకే" అన్నారాయన.

మా ఎదురిల్లు సోమసుందరం మాస్టారిది. నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పి ఓడిపోయిన మాస్టారు ఆయనే. లెక్కలు ఆయన ఉద్యోగం, ప్రాణం మాత్రం హార్మోనియం. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకి వాయించేవారు. ఇప్పుడు వేళ్లు బాగానే ఉన్నాయి, చెవులే వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో ఆయన నాటక సమాజంలో పద్యాలు పాడే ఒకాయన వరసలు ఎక్కడా దొరకవు. ఆయనా లేరు. మాస్టారి దగ్గర నాలుగు క్యాసెట్లు మాత్రం మిగిలాయి. వాటిలోంచి ఒక్కొక్క వరసా ఏరి, కొత్తగా నాటకం ఆడుతున్న ముగ్గురికి నేర్పుతున్నారు. ఒకాయన పాల వ్యాపారి, ఒకాయన మందుల షాపు, ఒకాయన ఆర్టీసీ కండక్టరు. నాటక పరిషత్తు పోటీ మూడు వారాల్లో ఉంది. ఇంకా ఏడు పద్యాలకి వరసలు కట్టాలి.

మాస్టారి స్పీకర్లు చిన్నవి, మూసిన డబ్బాలు. మా డబ్బాలు ఒక్క వాట్‌తో పలికేది పలకాలంటే వాటికి నలభై వాట్లు పొయ్యాలి. అందుకే ఆయనది వంద వాట్ల యాంప్లిఫయర్. అయినా బయటికి చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. పడకకుర్చీకి అటొకటి ఇటొకటి పెట్టుకుని, రెండు చెవుల పక్కనే చిన్నగా వింటారు. ఎదురింట్లో ఉండి నేనెప్పుడూ వినలేదు.

శరభయ్య గారు అక్కడ టార్చి వేసి వంద అని చదవగానే ముఖం మాడిపోయింది. లక్క కరిగించి, సరిగ్గా ఆ అంకె మీదే సీలు వేశారు. మాస్టారు లేచి నిలబడి, ఇంతకుముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా నాయనా అని అడిగారట. ఫిర్యాదు అవసరం లేదు మాస్టారూ, అంకె ఉంది కదా అన్నారట ఈయన.

ఆ వారం కాలనీలో ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. నోటీసులో పరికరము అని ఉంది కదా, ఏ పరికరమో లేదు. కాబట్టి అన్నింటి వెనకా టార్చి పడింది. మిక్సీలు ఏడు వందల యాభై వాట్లు, సీలు. ఇస్త్రీ పెట్టెలు వెయ్యి, సీలు. గీజర్లు రెండు వేల వాట్లు. కాలనీలో అన్నిటికంటే ఎక్కువ గోల చేసేవి గీజర్లేనని తేలింది. ఇన్నాళ్లూ వాటి చప్పుడు మనకి వినబడకపోవడం మన అలవాటు వల్లేనని, అలవాటు పడిన శబ్దం మరింత ప్రమాదకరమని విశ్వపతి గారు గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు. కుక్కర్‌కి వాట్లు లేవు, కాబట్టి దాని విజిల్ నిశ్శబ్దం. బీ బ్లాకు కుక్కని కూడా పట్టుకుని అన్ని వైపులా తిప్పి చూశారు. ఎక్కడా అచ్చు లేదు. అది మొరుగుతూనే ఉంది, శరభయ్య గారు దానికి ధ్రువపత్రం రాస్తూనే ఉన్నారు.

జనం చన్నీళ్లు పోసుకుని, రోట్లో పచ్చడి నూరుకుని, నలిగిన చొక్కాలతో ఆఫీసులకి వెళ్లారు. మొదటి వారం అందరికీ సరదాగానే ఉంది. మాస్టారికి మాత్రం రోజులు తరిగిపోతున్నాయి.

నాకు ఉండబట్టక మాస్టారిని మా ఇంటికి రమ్మన్నాను. క్యాసెట్లు పట్టుకుని వచ్చారు. మా డబ్బాల మధ్యన కుర్చీ పట్టదు, ఎదురుగా పది అడుగుల దూరంలో కూర్చోవాలి. అంత దూరంలో ఆయనకి వినబడాలంటే బాగా పెంచాలి. పెంచాను. ఆరు వాట్లే, కానీ ఆ పాడే మహానుభావుడు కాలనీ మధ్యలో నిలబడి రాగం తీసినట్టుంది. వరస పట్టుకోవడమంటే ఒకసారి వినడం కాదండీ. ఒకే ముక్క వెనక్కి తిప్పి, మళ్లీ విని, మళ్లీ తిప్పాలి. 'ఓ రాజా' అనే ముక్క ఆ ఒక్క పూటే నలభై మూడుసార్లు వేశాం. నాలుగో రోజుకి కూరగాయల బండి ఆయన కూడా బేరం మధ్యలో ఓ రాజా అంటున్నాడు.

పద్దెనిమిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి ఫిర్యాదు ఇచ్చారు. విశ్వపతి గారు ఫైలు తెప్పించి, మా ఇంటి ధ్రువపత్రం చదివి, లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. సదరు గృహమునందు గల పరికరము ఆరు వాట్లు మాత్రమే అయినందున, సదరు శబ్దము వినబడుటకు అవకాశము లేదు, వినబడినవారు వైద్యుని సంప్రదించవలెను. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నంతసేపూ మా ఇంట్లోంచి ఓ రాజా వస్తూనే ఉంది. ఆయన ఒక్కసారి మాత్రం కిటికీ వైపు చూసి, మళ్లీ సంతకం పూర్తి చేశారట.

ఆ సాయంత్రం మాస్టారు క్యాసెట్లు సంచిలో సర్దుకున్నారు.

"ఇంక చాల్లే అబ్బులూ. రూలు ప్రకారం మనం తప్పు చెయ్యట్లేదు, కానీ అవతల పసిపిల్లలు నిద్రపోలేకపోతున్నారు. ఇన్నాళ్లూ ఎవరికీ వినబడకుండా విన్నవాణ్ణి" అన్నారు.

ఇంకా ఎన్ని పద్యాలున్నాయండీ అని అడిగాను. నాలుగన్నారు. పోటీకి పన్నెండు రోజులుంది. చెవులు లేకపోతే జ్ఞాపకంతో కడతానని నవ్వారుగానీ, ఆ సంచి పట్టుకున్న తీరు చూస్తే జ్ఞాపకం మీద ఆయనకే నమ్మకం లేదని తెలిసింది.

ఈలోగా నాకొక సన్మానం వచ్చి పడింది. ఆదర్శ నిశ్శబ్ద గృహం అట. ఆదివారం పది గంటలకి సెల్లారులో సభ. శాలువా, జ్ఞాపిక, పదకొండు పేజీల అధ్యక్షోపన్యాసం. నేను రానన్నాను. నూకరత్నం నన్ను పక్కకి పిలిచింది.

"ఎందుకెళ్లవయ్యా? ఆ సభకి మైకు పెడతారు కదా. దాని వెనక ఎంత రాసుందో ఎప్పుడైనా చూశావా?" అంది.

పాతికేళ్లుగా ఈవిడ చేత పప్పు రుబ్బిస్తున్నానండీ నేను. ఎంత దండగ.

సభ మొదలైంది. విశ్వపతి గారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. నేను శాలువాతోనే లేచి, టార్చి తీసి, సంఘం యాంప్లిఫయర్ వెనక్కి వంగి, రెండు వందల యాభై అని పైకి చదివాను. శరభయ్య గారు పాపం రూలుకి కట్టుబడ్డ మనిషి. అధ్యక్షుల వైపు ఒకసారి చూసి, జేబులోంచి లక్క తీశారు.

విశ్వపతి గారు మైకు లేకుండా మొదలెట్టారు. ఆయన గొంతు ఫైళ్ల మధ్య పెరిగిన గొంతు, రెండో వరుస దాటదు. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి వెనక వరుసలవాళ్లు వంటల గురించి మాట్లాడుకుంటున్నారు. మూడో పేజీకి ముందు వరుస కూడా కలిసింది. ఆయన ఆపారు. చేతిలో ఇంకా ఎనిమిది పేజీలున్నాయి. పది రోజులు రాసుకున్నారట. నిజం చెబుతున్నానండీ, ఆ ముఖం చూస్తే నాకే జాలేసింది.

అప్పుడు దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాను. అయ్యా, రూలు పది వాట్లు మించకూడదంది కదండి, పెట్టె ఉండకూడదనలేదు కదా. ఈ రెండు వందల యాభైలో మీరు పదే వాడుకోండి. మిగతా రెండు వందల నలభైని సంఘానికి రాసిచ్చేయండి. రూలూ దెబ్బతినదు, ఉపన్యాసమూ ఆగదు.

ఆయన కళ్లు మెరిశాయి. రిటైరయ్యాక అంత మంచి కాగితం ఆయన చేతికి రాలేదు.

"అంటే, వాడని వాట్ల అప్పగింత పత్రం" అన్నారు.

"అంతేనండి."

"సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం. అయితే అప్పగించిన వాట్లను ఎక్కడో ఒకచోట భద్రపరచాలి. ఊరికే గాలికి వదిలేస్తే బాధ్యతారాహిత్యం అవుతుంది."

పంపు గది ఖాళీగానే ఉందన్నారు శరభయ్య గారు. అక్కడికక్కడే తీర్మానం అయింది. ఉపన్యాసం పదకొండు పేజీలూ సాగింది. పదో పేజీలో నా పేరు కూడా వచ్చింది, కాస్త తప్పుగా. సభ అయిన అరగంటకి మాస్టారి చేత నేనే రాయించాను. 'నా వంద వాట్లలో పది వాడుకుని, తొంభై వాట్లు సంఘానికి ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నాను' అని. మాస్టారు సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదివి, తీసివేత సరిగ్గానే ఉందన్నారు. సీలు తీశారు.

సాయంత్రానికి కాలనీ మొత్తం క్యూ కట్టింది. గీజరు ఒక్కింటికి పందొమ్మిది వందల తొంభై అప్పగింత. ఇస్త్రీ పెట్టె తొమ్మిది వందల తొంభై. పంపు గదికి పెద్ద తాళం, తలుపు మీద బోర్డు: "వాట్లు నిల్వ కలవు. ముట్టరాదు." పిల్లలు ఆ తలుపు దగ్గర క్రికెట్ ఆడకూడదన్నారు. జనానికి వేడినీళ్లు వచ్చాయి, మాస్టారికి ఆయన పడకకుర్చీ వచ్చింది. ఎదురింట్లోంచి మళ్లీ ఏమీ వినబడకుండా పోయింది. అది వినబడకపోతుంటే నాకెంత హాయిగా ఉందో.

ఇక్కడితో అయిపోతే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టేవాణ్ణి కాదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నం, ఉక్క. గంటైనా రాలేదు. జనం కిందికి దిగారు. ఎవరన్నారో తెలీదుగానీ, మన వాట్లే మన పంపు గదిలో బోలెడున్నాయి కదా, అవి వదలమనండి అన్నారు. అందరికీ సబబుగానే తోచింది. విశ్వపతి గారు వదల్లేదు. నిల్వ విడుదలకు సర్వసభ్య సమావేశం తీర్మానం ఉండాలన్నారు. సభ్యులంతా అక్కడే చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డారు కాబట్టి, సమావేశం అక్కడే జరిగింది. మొత్తం ఎంతుందో తేల్చమని మాస్టారికి పత్రాలిచ్చారు. ఆయన వేళ్ల మీదే కూడి, లక్షా నలభై ఎనిమిది వేల ఆరు వందల పది అన్నారు. చప్పట్లు కొట్టారు.

తాళం తీశారు. లోపల నీళ్ల మోటారు ఉంది, ఒక పాత బకెట్ ఉంది, గోడ మీద ఒక బల్లి ఉంది. వాట్లు లేవు.

విశ్వపతి గారు టార్చి తీసుకుని మోటారు వెనక్కి కూడా చూశారు. తర్వాత నెమ్మదిగా, దొంగతనం జరిగింది అన్నారు. శరభయ్య గారు రాసుకున్నారు. విచారణ సంఘం వేశారు. కరెంటు పని తెలిసినవాణ్ణి కాబట్టి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఆ వాట్లు ఎప్పుడూ లేవు, వాడనిది ఎక్కడా ఉండదు అని నేను నిజం రాశాననుకోండి, అప్పగింతే చెల్లదు. అప్పగింత చెల్లకపోతే మర్నాడే లక్క, కొవ్వొత్తి, మాస్టారి వంద. ఆయనకి ఇంకొక్క పద్యం మిగిలింది. పోటీ ఈ శనివారం. నిన్న ఎదురుపడి, నివేదిక ఏం రాస్తున్నావు అబ్బులూ అని అడిగారు. పోయాయనే రాస్తున్నానండి అన్నాను. లెక్కల మాస్టారు కదా, ఒప్పుకోరేమో అనుకున్నా. నా భుజం తట్టి, "నీకు ఇప్పటికి లెక్కలు వచ్చాయిరా" అన్నారు.

నా నివేదికలో వెతుకులాట కొనసాగుతోంది అని రాశాను. వెతుకుతున్నట్టు సంఘానికి ఆధారం చూపించాలి. మీతో పని అదేనండీ. ఈ కథని మీకున్న గ్రూపులన్నిటికీ, మీ కాలనీ సంఘం గ్రూపుకైతే తప్పకుండా, ఇప్పుడే పంపండి. లక్షా నలభై ఎనిమిది వేల ఆరు వందల పది వాట్లు ఎవరికైనా కనబడితే జాగ్రత్తగా పక్కన పెట్టి ఉంచండి. కానీ శనివారం సాయంత్రం దాకా మాత్రం మాకు చెప్పకండి.